పాత నాణెం చేతికొస్తే.. తూకం వేయించే ముందు చదవండి

నెల్లూరు దగ్గర 1786లో ఒక రైతు రాళ్లగుట్ట పక్కన దుక్కి దున్నుతున్నాడు. నాగలి ఏదో ఇటుక కట్టడానికి తగిలి ఆగిపోయింది. తవ్వి చూస్తే కూలిపోయిన చిన్న గుడి ఆనవాళ్లు కనిపించాయి. వాటి కింద ఒక చిన్న కుండ, కుండలో బంగారు నాణేలు. అవి ఎవరివో, ఏ కాలం నాటివో ఆ రైతుకు తెలియదు. పాత బంగారం కింద అమ్మేశాడు. కొన్నవాళ్లూ వాటిని బంగారంగానే చూశారు. వాటిలో చాలా నాణేలు మూసలో కరిగిపోయి ఉంటాయి.

కబురు ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ వాలాజా కుమారుడు అమీరుల్ ఉమరా దాకా వెళ్లింది. ఆయన ఆరా తీయించి ముప్పైకి పైగా నాణేలు తిరిగి సంపాదించారు. చూస్తే అవి రోమ్ చక్రవర్తుల నాణేలు! ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టినా పేర్లున్న క్రీ.శ. 2వ శతాబ్దపు బంగారం. అప్పట్లో మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో రాసిన ఒక లేఖలో ఈ సంగతంతా ఉంది. ఆ లేఖలోనే ఆయన ఇంకో విషయం గమనించారు. కొన్ని నాణేలు నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు తళతళలాడుతున్నాయట. కొన్ని మాత్రం బాగా అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయట. ఎవరో దండకో మెడకో నగలుగా కట్టుకుని ఉంటారని ఆయన ఊహ.

ఇవాళ నాణేలు సేకరించేవాళ్లు 'గ్రేడింగ్' అనే పనిని రెండు వందల ఏళ్ల కిందట డేవిడ్సన్ తనకు తెలియకుండానే చేశారు. ఒకే కుండలో ఉన్నా అన్ని నాణేల విలువా ఒకటి కాదు. కరిగించిన నాణేనికి బంగారం ధర తప్ప ఇంకేమీ రాదు.

నెల్లూరు తీరంలో చాలా ముస్లిం ఇళ్లలో నానీ సందూకులోనో, దాదా బీరువాలోనో ఒక మూట ఉంటుంది. అందులో నాలుగు వెండి రూపాయలు, పచ్చబడిన రాగి కాసులు, ఉర్దూ లాంటి రాత ఉన్న బిళ్లలు. పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో అవసరం పడితే ఆ మూట నేరుగా షరాబు త్రాసులోకి వెళ్తుంది. లేదంటే ఫొటో తీసి వాట్సాప్‌లో ఎవరికో పంపుతారు. మొదటి దారిలో విలువైన నాణెం పోవచ్చు. రెండో దారిలో చేతిలో ఉన్న డబ్బు కూడా పోవచ్చు. ఈ రెండూ జరగకూడదంటే కొన్ని సంగతులు తెలియాలి.

పాతదైతే చాలదు

'ఇది రెండు వందల ఏళ్ల నాటిది, లక్షలు వస్తాయి' అనుకోవడం అందరూ చేసే పొరపాటు. నాణెం విలువను ప్రధానంగా నాలుగు విషయాలు తేలుస్తాయి. అలాంటివి ఇప్పుడు ఎన్ని మిగిలాయి? ఈ నాణెం ఎంత బాగా ఉంది? దాన్ని కోరుకునేవాళ్లు ఎందరు? అందులోని లోహం ఎంత? వయసు వీటి తర్వాతే.

దీనికి మద్రాసు రాగి కాసులే మంచి ఉదాహరణ. ఈస్టిండియా కంపెనీ మన ప్రాంతంలో చలామణి కోసం 1803లోనూ, 1808లోనూ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో రాగి కాసులు కొట్టించింది. 1808 నాటి కాసులను మోసుకుని మద్రాసు బయల్దేరిన 'అడ్మిరల్ గార్డ్‌నర్' అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుకమేటల దగ్గర మునిగిపోయింది. 1980లలో గజ ఈతగాళ్లు ఆ ఓడ నుంచి కాసులను పైకి తీశారు. ఒకటీ రెండూ కాదు, లక్షల్లో. మన తాతలకు అందాల్సిన ఆ చిల్లర ఇప్పుడు ప్రపంచమంతా సేకర్తల దగ్గర ఉంది. రెండు వందల ఏళ్లు దాటినవే, సముద్రగర్భం నుంచి వచ్చినవే. అయినా అవి ఖరీదైన నాణేలేం కావు, ఎందుకంటే అన్ని ఉన్నాయి మరి.

ఉర్దూ చదవగలిగితే సగం పని అయినట్టే

నెల్లూరు ప్రాంతంలో దొరికే పాత నాణేల్లో చాలా వాటిపై ఫార్సీ రాత ఉంటుంది. మదర్సాలోనో ఇంట్లోనో ఉర్దూ అక్షరాలు నేర్చుకున్న పిల్లలు కూడా కాస్త ప్రయత్నిస్తే వాటిని చదవగలరు. మిగతావాళ్లకు లేని వీలు ఇది.

పైన చెప్పిన రాగి కాసునే తీసుకోండి. ఒకవైపు కంపెనీ ముద్ర, సంవత్సరం. రెండోవైపు ఇరవై కాసుల బిళ్లపై 'బిస్త్ కాస్ చహార్ ఫులూస్ అస్త్' అని ఉంటుంది. ఇరవై కాసులంటే నాలుగు ఫులూసులు అని అర్థం. పది కాసుల బిళ్లపై 'దహ్ కాస్ దో ఫులూస్ అస్త్' అని ఉంటుంది. బిళ్ల ఏదో, ఎంత విలువదో దాని మీదే రాసి ఉంది.

ఇక ఆర్కాటు రూపాయి. దీని మీద 'సిక్కా ముబారక్ బాద్షా గాజీ అజీజుద్దీన్ మహమ్మద్ ఆలంగీర్' అని ఉంటుంది. వెనకవైపు 'జర్బ్ ఆర్కాట్', దాంతోపాటు 'సన్ 6 జులూస్' అనే మాటలు కనిపిస్తాయి. జర్బ్ అంటే కొట్టడం, దాని పక్కన ఉండేది నాణెం కొట్టిన చోటు పేరు. జులూస్ అంటే బాద్షా గద్దెనెక్కిన దగ్గర్నుంచి లెక్కపెట్టిన ఏడు. చాలా వాటిపై హిజ్రీ 1172 అనే అంకెలుంటాయి. చూడగానే ఇది 1758 నాటిదనుకుంటాం. ఇక్కడే చిక్కుంది. రెండో ఆలంగీర్ 1759లోనే చనిపోయాడు. కానీ జనం ఆ రూపాయిని నమ్ముతున్నారు కదా అని కంపెనీ అదే పేరు, అదే హిజ్రీ సంవత్సరం వేసి 19వ శతాబ్దంలో కూడా మద్రాసులో రూపాయలు కొడుతూనే ఉంది. పైగా 'జర్బ్ ఆర్కాట్' అని ఉన్నంత మాత్రాన ఆర్కాటులోనే కొట్టారని కూడా కాదు. ఇంగ్లీషువాళ్లు మద్రాసులో, ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరిలో అదే పేరుతో కొట్టారు. తామరపువ్వు గుర్తు ఉంటే మద్రాసుది, నెలవంక ఉంటే పుదుచ్చేరిది అని సేకర్తలు పోల్చుకుంటారు. ఆ చిన్న గుర్తును బట్టే ధర మారుతుంది.

1807, 1808 ప్రాంతంలో మద్రాసులో కొట్టిన వెండి పావు వరహా, అర వరహాలపై గోపురం, చుట్టూ చుక్కలు ఉంటాయి. వాటిపై ఇంగ్లీషు, ఫార్సీ, తమిళం, తెలుగు నాలుగూ కనిపిస్తాయి. తెలుగు అక్షరాలున్న వెండి నాణెం కాబట్టి మన దగ్గర దానికి ఆదరణ ఎక్కువ.

నాణెంపై కలిమా కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా చూడాలి. అక్బర్, షాజహాన్ లాంటి మొఘల్ బాద్షాల నాణేలపై కలిమా ఉండేది. పవిత్రమైన మాటలు అందరి చేతుల్లో, కాళ్ల కింద పడకూడదని ఔరంగజేబు ఆ అలవాటు మాన్పించాడు. అందుకని కలిమా ఉన్న మొఘల్ రూపాయి అంటే మామూలుగా అంతకుముందు నాటిది. అలాంటిది ఇంట్లో ఉంటే తెలిసినవాళ్లకు చూపించకుండా అమ్మకూడదు.

గ్రేడింగ్ అంటే ఏమిటి?

గ్రేడింగ్ అంటే నాణెం ఎంత అరిగిందో, ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే మార్కు. మన దేశంలో వేలం జాబితాలన్నీ ఈ మాటలే వాడతాయి. కింది నుంచి పైకి గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రా ఫైన్, అన్‌సర్క్యులేటెడ్. ఇందులో ఒక తిరకాసు ఉంది. 'గుడ్' అంటే మంచిదని కాదు, బాగా అరిగి, బొమ్మ అంచు మాత్రమే కనిపించే నాణెం అని. ఎవరైనా మీ నాణేన్ని 'గుడ్' అంటే సంతోషపడాల్సిన పని లేదు.

విక్టోరియా రాణి రూపాయితో దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. ఎత్తుగా ఉన్న చోట్లు ముందు అరుగుతాయి. రాణి చెవి మీది జుట్టు, కిరీటం, చెంప చూడండి. జుట్టు పాయలు కలిసిపోయి నున్నగా అయితే ఫైన్ దగ్గర ఉన్నట్టు. పాయలు చాలావరకు కనిపిస్తూ, ఎత్తైన చోట్ల మాత్రమే అరిగి ఉంటే వెరీ ఫైన్. అరుగుదల వెతికితే తప్ప కనపడకపోతే ఎక్స్‌ట్రా ఫైన్. అసలు అరగకుండా, వెలుగులో తిప్పితే టంకశాల నాటి మెరుపు చక్రంలా తిరుగుతుంటే అన్‌సర్క్యులేటెడ్. దాన్ని వాడకుండా దాచారన్నమాట.

ఆర్కాటు రూపాయిలాంటి చేత్తో కొట్టిన నాణేలకు ఇంకో కొలత ఉంది. వాటి అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుకే ఏ నాణెంపైనా రాత మొత్తం పడదు. టంకశాల పేరు, బాద్షా పేరు, సంవత్సరం ఎంత స్పష్టంగా పడితే విలువ అంత పెరుగుతుంది. ఇక వెండి రూపాయలపై చిన్న చిన్న గుంటలు, గాట్లు కనిపిస్తాయి. వెండి అసలుదో కాదో చూడటానికి పాతకాలపు షరాబులు వేసిన గుర్తులవి. చరిత్ర పరంగా అవి ఆసక్తికరమే, కానీ అవి లేని నాణేనికే ధర ఎక్కువ.

అమెరికాలో విలియం షెల్డన్ అనే ఆయన 1949లో నాణేలకు 1 నుంచి 70 వరకు మార్కులు వేసే పద్ధతి తెచ్చారు. ఇందులో 60, ఆ పైన మార్కులు అరగని నాణేలకే వస్తాయి. 1980ల నుంచి అక్కడి కంపెనీలు నాణేన్ని పరీక్షించి, మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి ఇస్తున్నాయి. ఇప్పుడు భారతీయ నాణేలూ ఆ డబ్బాల్లో కనిపిస్తున్నాయి. మార్కు ఎంత తేడా తెస్తుందో తెలియాలంటే అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కార్డుల సంగతి చూడాలి. మికీ మాంటిల్ అనే ఆటగాడి బొమ్మతో 1952లో అచ్చయిన ఒక కార్డు 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అది అట్టముక్కే. అలాంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి. కానీ దానికి 10కి 9.5 మార్కులు వచ్చాయి. మూలలు నలిగిన అదే కార్డుకు అందులో చిన్న వంతు కూడా రాదు.

అలాగని ప్రతి నాణేన్నీ గ్రేడింగ్‌కు పంపనక్కర్లేదు. గ్రేడింగుకయ్యే ఖర్చు నాణెం ధర కన్నా ఎక్కువైతే ఏం లాభం?

చింతపండు పెట్టి తోమొద్దు

విలువను ఒక్క నిమిషంలో పోగొట్టే పని ఇదొక్కటే. పండక్కి ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు, నిమ్మకాయ, బూడిద, టూత్‌పేస్టు పెట్టి నాణేన్ని మెరిపిస్తారు. రుద్దినప్పుడు పోయేది మట్టి ఒక్కటే కాదు, నాణెం పై పొర కూడా. దశాబ్దాలుగా పట్టిన ముదురు రంగు దానికి రక్షణ. సేకర్తలు కోరుకునేదీ ఆ రంగునే. తోమిన నాణెం గీతలు భూతద్దంలో వెంటనే దొరికిపోతాయి. గ్రేడింగ్ కంపెనీలు అలాంటి వాటికి మామూలు మార్కు వేయకుండా 'శుభ్రం చేసినది' అని రాసి పంపుతాయి. మట్టి మరీ ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద ఆరబెడితే చాలు.

మైపాడు, కృష్ణపట్నం, రామాయపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఇంకో శత్రువు ఉంది, ఉప్పు గాలి. రాగి, కంచు నాణేలపై లేతాకుపచ్చ రంగులో పొడిపొడిగా రాలే మచ్చలు వస్తే అది ఉప్పు చేసే తినివేత. గట్టిగా, నున్నగా ఉండే ముదురాకుపచ్చ పొరకు భయపడక్కర్లేదు. పొడిలా రాలేదైతే ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయాలి. నాణేలను మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో, రబ్బరు బ్యాండ్లతో కట్టి ఉంచకూడదు. ఒక్కో నాణేన్ని ఒక్కో కాగితపు కవరులో పెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి దాచాలి. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోవాలి. వేలిముద్ర కూడా మచ్చవుతుంది.

చిల్లు పెట్టినా, కొక్కెం అతికించినా సేకర్తల దృష్టిలో విలువ పడిపోతుంది. డేవిడ్సన్ చూసిన చిల్లు నాణేల్లాగే, మన ఇళ్లలో కాసుల పేరుకు గుచ్చిన నాణేలు ఎక్కువగా బంగారం ధరకే పోతాయి. కొత్తగా నగ చేయించాలనుకుంటే పాత నాణేలకు చిల్లు పెట్టకుండా ఉండటం మంచిది.

వెండి రూపాయల్లో ఏది అరుదు?

బ్రిటిష్ కాలం వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. అంటే సరిగ్గా ఒక తులం. 1939 దాకా అందులో దాదాపు 92 శాతం వెండి ఉండేది. 1940 నుంచి సగానికి తగ్గించారు. 1947 నాటి రూపాయి నికెల్‌ది. త్రాసు, అయస్కాంతం ఉంటే ఇంట్లోనే మొదటి పరీక్ష చేయొచ్చు. వెండి అయస్కాంతానికి అంటుకోదు, నికెల్ అంటుకుంటుంది. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయలు చాలా ఎక్కువ. ఆ తర్వాత కొన్నేళ్లు కూడా అదే సంవత్సరం వేసి కొట్టారు. వాటిని ప్రత్యేకమని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

1911 నాటి ఐదో జార్జి రూపాయి కథ వేరు. రాజు అంగీ మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంది. దాని తొండం పొట్టిగా పడి చూడటానికి పందిలా కనిపించింది. ముస్లింలలో ఆగ్రహం వచ్చింది. ప్రభుత్వం వాటిని ఆపేసి, చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించింది. 1912 నుంచి ఏనుగును సరిదిద్దింది. ఇప్పటికీ సేకర్తలు దాన్ని 'పంది రూపాయి' అంటారు. కరిగించగా మిగిలినవి తక్కువ కాబట్టి అదే సంవత్సరాల మామూలు రూపాయల కన్నా దానికి ధర ఎక్కువ.

ఇంతకన్నా అరుదైనది 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి. అరుదైనది కనుకే నకిలీలూ ఎక్కువ. 1938 రూపాయిలో చివరి 8ని గీకి 9గా మార్చేవాళ్లున్నారు. అందుకే ఆ అంకె చుట్టూ గీతలున్నాయేమో భూతద్దంతో చూడాలి.

ఫోనులో వచ్చే లక్షాధికారులు

786 నంబరు నోటుకు లక్షలు ఇస్తామనే మెసేజీ రాని ముస్లిం ఇల్లు లేదేమో. లెక్క చూద్దాం. నోటు మీద ఆరు అంకెల నంబరు ఉంటుంది. ప్రతి పది లక్షల నోట్లలో వెయ్యి నోట్లు 786తో ముగుస్తాయి. అలాంటివి కోట్లలో ఉన్న నోటుకు లక్షలు ఎవరిస్తారు? ఆ నంబరంటే ఇష్టమున్నవాళ్లు నోటు విలువ మీద కాస్త ఎక్కువ ఇవ్వొచ్చు, అంతే. 2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ 5, 10 రూపాయల నాణేల కథా ఇదే.

మోసం సాగేది ఇలా. ముందు మీ నాణెం ఫొటో అడుగుతారు. 'మీకు 12 లక్షలు వచ్చాయి' అంటారు. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, ఆ పైన జీఎస్టీ, ఆ పైన రిజర్వ్ బ్యాంకు కమిషన్ అంటూ ఒక్కొక్కటిగా గుంజుతారు. 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు స్వయంగా ప్రకటన చేసింది. పాత నోట్లు, నాణేల అమ్మకాల్లో తమకు ఏ సంబంధమూ లేదని, ఏ ఫీజూ కమిషనూ అడగబోమని, తమ పేరుతో వసూలు చేసే హక్కు ఎవరికీ ఇవ్వలేదని చెప్పింది. ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు.

రాగి నాణేలతో ఇంకో మోసం ఉంది. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, అర అణా అని, 1616, 1717, 1818 అనే సంవత్సరాలు ఉంటాయి. రెండోవైపు రామదర్బారు, హనుమంతుడి బొమ్మలు ఉంటాయి. ఇవి చలామణి నాణేలే కావు, చాలా తర్వాత తయారైన బిళ్లలు. కంపెనీ అసలు అర అణాలపై 1835, 1845 లాంటి సంవత్సరాలు ఉంటాయి, దేవుళ్ల బొమ్మలు ఉండవు. ఈ బిళ్లలనే 'రైస్ పుల్లర్' అని, పిడుగు శక్తి ఉందని, బియ్యం గింజలను లాగుతుందని చెప్పి లక్షలు దోచుకుంటారు. రాగికి ఆ శక్తి లేదు. గింజలు కదిలాయంటే వాటిలో ఇనుప రజను కలిపారని అర్థం.

చట్టం ఏమంటుంది?

ఇంట్లో తరతరాలుగా వస్తున్న నాణేలు మీవే. కానీ పొలంలోనో, పాత గోడ పడగొట్టేటప్పుడో దాచిన నిధి దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. 10 రూపాయలకు మించిన ఏ నిధి దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే శిక్ష ఉంది, వాటా కూడా పోతుంది. తెలిపితే, వేరే హక్కుదారులు లేనప్పుడు, దొరికినవాళ్లకు నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు వస్తుంది. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. భయపడి రాత్రికి రాత్రి కరిగించే కన్నా ఇదే మేలు.

గల్ఫ్‌లో ధర ఎక్కువ వస్తుందని పాత నాణేలను సామానులో పెట్టి పంపేవాళ్లూ ఉంటారు. నూరేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. మామూలు మనుషులు దాన్ని దేశం దాటించడం నేరం. ఎయిర్‌పోర్టులో పట్టుబడితే నాణెమూ పోతుంది, ప్రయాణమూ ఆగిపోతుంది.

అమ్మే ముందు

ముందు ఒక నోటుపుస్తకం తీసుకుని జాబితా రాయండి. ఒక్కో నాణెం మీద ఏం రాసి ఉంది, బరువెంత, ఏ లోహం, ఎవరి నుంచి వచ్చింది అన్నీ రాయాలి. రెండువైపులా పగటి వెలుగులో ఫొటో తీయాలి. ఇంట్లో వరాసత్ పంచుకునేటప్పుడు కూడా ఈ జాబితా ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య మాట రాదు. బరువును బట్టి సమానంగా పంచితే ఒకరికి మామూలు రూపాయి, ఇంకొకరికి అరుదైనది వెళ్లొచ్చు.

ధర తెలియాలంటే అమ్మేవాళ్లు అడుగుతున్న ధర చూడకూడదు, నిజంగా అమ్ముడైన ధర చూడాలి. నాణేల వేలం సంస్థలు పాత వేలాల ఫలితాలను ఆన్‌లైన్‌లో ఉంచుతాయి. అదే నాణెం, అదే గ్రేడు ఎంతకు పోయిందో వెతకాలి. కనీసం ఇద్దరి దగ్గర ధర అడగాలి. ఒకసారి చూసి రావాలనుకుంటే చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో నాణేల విభాగం ఉంది. మన తీరానికి రోమ్ నుంచి బంగారం ఎలా వచ్చిందో పిల్లలకు చూపించొచ్చు.

నెల్లూరు కుండలో మొత్తం ఎన్ని నాణేలున్నాయో ఇక ఎప్పటికీ తేలదు. ఒక నవాబు కుమారుడు ఆరా తీయించాడు కాబట్టి ముప్పైకి పైగా మిగిలాయి. మీ ఇంటి మూటలో పెద్ద విలువైనవి లేకపోవచ్చు. లేవని కూడా చదివాకే తెలుస్తుంది. కాబట్టి మూటను షరాబు దగ్గరికి తీసుకెళ్లే ముందు ఒక భూతద్దం కొనండి. ఉర్దూ వచ్చిన పిల్లాణ్ణో పిల్లనో పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరం అక్షరం చదివించండి.